లాక్ బటన్ రబ్బరు

మార్చి 4, మంగళవారం

తోడల్లుడు వచ్చి వెళ్ళాడు. ఒక చిన్న కవరు తెచ్చాడు. అందులో కారు తాళం, మా ఆవిడ దగ్గరున్నది. వాళ్ళక్క ఇంటికి వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ చేతిసంచిలో పడేసుకుని బస్సెక్కేసింది. కారు ఇక్కడ, తాళం అక్కడ. నా దగ్గర ఇంకో తాళం ఉంది గానీ నాకు డ్రైవింగ్ రాదు. కాబట్టి మా కారుకి తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"రిమోటు పని చెయ్యడం లేదట తమ్ముడూ. లోపల బోర్డులో ఏదో పోయినట్టుంది, మీరు చూస్తారని పంపింది" అన్నాడు.

"ఇంకేమన్నా అందా?"

"కారు అమ్మేస్తున్నారు కదా, రెండు తాళాలూ ఇవ్వాల్సొస్తుందేమో అంది."

అంతే అందట. వదినగారి మోకాలు ఎలా ఉందని అడిగాను. "భేషుగ్గా ఉంది, మేడ ఎక్కి దిగుతోంది" అని చెప్పి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. మా ఆవిడ వెళ్ళింది ఆ మోకాలి ఆపరేషన్‌కి సాయంగానే. మేడలెక్కుతున్న మోకాలికి ఇంకా సాయం ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరం టీ తాగాం.

పళ్ళ డాక్టరు ఆదివారం వస్తానన్నాడు. రెండు తాళాలూ పని చేస్తేనే కారు తీసుకుంటాడట. అప్పటిలోగా దీని సంగతి తేల్చాలి. పుట్టెడు టీవీలు బాగుచేసినవాణ్ణి, బొటనవేలంత బోర్డు నాకో లెక్కా.

మార్చి 5, బుధవారం

లెక్కే.

మూసేసిన నా రిపేరు దుకాణం నుంచి తెచ్చిన బల్ల భోజనాల గదిలో సగం ఆక్రమించింది. ఆవిడ ఉన్నప్పుడు దాని చుట్టూ ఒద్దికగా పక్కకి తిరిగి నడిచేది. ఒక్కసారి కూడా తీసెయ్యమనలేదు. అంటే బావుండేది, కనీసం పోట్లాడుకునేవాళ్ళం.

రిమోటు డొప్ప పల్చటి బ్లేడుతో విప్పాను. లోపల ఒక బిళ్ళ బ్యాటరీ, ఒక బోర్డు, మూలన బియ్యపు గింజంత నల్లటి చిప్పు. ఆ చిప్పు లేకపోతే తాళం తిప్పినా ఇంజన్ కదలదు. ముందు దాన్ని సీసా మూతలో భద్రం చేశాను. భద్రం చేసి, మూతకి మోచెయ్యి తగిలించి కింద పడేశాను. సోఫా జరిపి, టార్చి వేసి, నేల మీద బోర్లా పడుకుని వెతికాను. దొరికింది. సోఫా కింద ఆవిడ జడపిన్ను కూడా దొరికింది. దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను, ఎందుకంటే సన్నటి మొన కాబట్టి పనికొస్తుంది.

బ్యాటరీ రేకు దగ్గర చిలుము పట్టింది. స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్షుతో తోమాను. భూతద్దం పెట్టి చూస్తే అదే రేకు కింద టంకం వెంట్రుకవాసి చిట్లి ఉంది. అదీ దొంగ. కింద పడేసి ఉంటుంది, చెప్పదు. మళ్ళీ టంకం వేశాను. మొదటి చుక్క పక్కన పడింది, రెండోది కుదిరింది.

ఆ పొగ వాసన ఇంటినిండా పట్టుకుంది. ఎంతకాలమైందో. కిటికీలు తెరవబుద్ధి కాలేదు.

మార్చి 5, సాయంత్రం

కారు కొన్న రోజులు గుర్తొచ్చాయి, ఊరికే.

అప్పట్లో టీవీలు పెట్టెల్లాంటివి. బాగుచేసినదాన్ని తోపుడుబండి మీద పంపితే గుంతలో పడి గాజు పగిలింది. ఆ ఇంటాయన నన్ను వీధిలో నిలబెట్టి కడిగేశాడు. ఇంటికొచ్చి నేను మంచం మీద అటు తిరిగి పడుకుంటే, ఆవిడ వీపు వెనకాల కూర్చుని, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటాను" అంది. నాకు నవ్వొచ్చింది. రోడ్డు దాటేటప్పుడు నా చొక్కా పట్టుకునే మనిషి.

నేర్చుకుంది. ఇద్దరు ముగ్గురు చేతులు మారిన ఈ కారు కొన్నాం. వెనకసీట్లో దుప్పట్లు చుట్టిన టీవీ, ముందు మేమిద్దరం. గతుకులు వస్తే, "పట్టుకోండి, పట్టుకోండి" అనేది. నేను వెనక్కి తిరిగి టీవీని కావలించుకునేవాణ్ణి. ఆవిణ్ణి ఎప్పుడన్నా అంత గట్టిగా పట్టుకున్నానో లేదో తెలియదు గాని, ఊళ్ళో టీవీలన్నిటినీ కావలించుకున్నాను.

దుకాణం సందులో కారు ఆపనిచ్చేవాళ్ళు కాదు. సాయంత్రం వచ్చి మలుపులో ఆపి, రిమోటు మీద లాక్ బటన్ రెండుసార్లు నొక్కేది. కారు రెండు కూతలు కూసేది. నా చేతిలో టంకం కర్ర ఉంటే ఫోను ఎత్తలేను కదా, అందుకని ఆ ఏర్పాటు. కూత వినగానే, "ఒక్క నిమిషం" అనేవాణ్ణి, ఆవిడకి వినపడదని తెలిసి కూడా. ఆ ఒక్క నిమిషం ఎంతసేపు ఉండేదో మలుపులో కూర్చున్న ఆవిడకే తెలియాలి.

దుకాణం పూర్తిగా మూసేసిన రోజున మాత్రం నేను నడిచి వచ్చేశాను. చల్లగా ఉంది, నడవాలనిపించింది.

మార్చి 6, గురువారం

లాక్ బటన్ కింది స్విచ్ చచ్చింది. తడబడుతూ ఒకసారి పలికి, నాలుగుసార్లు పలకడం లేదు. పాడైన ఇంకో రిమోటులోంచి అలాంటి స్విచ్చే ఊడదీసి ఇందులో పెట్టాను. ఆవగింజకి నాలుగు కాళ్ళు ఉన్నట్టుంటుంది. పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాలికీ టంకం. జడపిన్ను నిజంగానే పనికొచ్చింది.

బ్యాటరీ వేసి నొక్కితే ఎర్రదీపం వెలిగింది. లేచి నిలబడ్డాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా, "ఏమనుకున్నావు మరి" అని పైకే అన్నాను.

కిందికి వెళ్ళి కారు ముందు నిలబడి నొక్కాను. కారు ఉలకలేదు, పలకలేదు. నా తాళంతో నొక్కితే వెంటనే పలికింది. మళ్ళీ ఆవిడ తాళంతో నొక్కాను. దీపం వెలుగుతోంది, కారుకి చెవులు లేవు. చుట్టూ తిరిగాను, బానెట్ మీద పెట్టి నొక్కాను, బతిమాలాను. కింది ఇంటి ముసలాయన కుర్చీలోంచి అంతా చూసి, "అలిగిందా" అన్నాడు.

కారునే అన్నాడు.

మార్చి 6, సాయంత్రం

బోర్డు మళ్ళీ విప్పాను. అన్నీ బాగానే ఉన్నాయి. బాగానే ఉండి పని చెయ్యకపోవడం కంటే చిరాకు ఇంకోటి లేదు.

ఒకటి గమనించాను. లాక్ బటన్ రబ్బరు అరిగి చిల్లు పడింది. పక్కనున్న అన్‌లాక్ రబ్బరు కొత్తగా నిగనిగలాడుతోంది. ఆవిడ వెళ్ళే ముందే రెండూ కలిసిన కొత్త రబ్బరు వేశాను. నేనే కత్తిరించి, నేనే అతికించాను. కారు ఇక్కడే నిలబడి ఉంటే అక్కడ దేనికి లాక్ వేసింది?

రబ్బరు నాసిరకమై ఉంటుంది.

నా చెయ్యి పోయిందేమో అని కూడా అనుకున్నాను. దుకాణం మూసినందుకు దిగులు పడ్డాను గానీ చెయ్యి పోతుందని అనుకోలేదు. జనం టీవీ పాడైతే కొత్తది కొనుక్కుంటున్నారు, అందువల్ల మూతపడింది, నా తప్పు కాదు అని చెప్పుకునేవాణ్ణి. ఇవాళ ఈ బొటనవేలంత బోర్డు దగ్గర నాకు ఏడుపొచ్చింది. రాసుకోవడానికేం, ఎవరు చూస్తారు. వచ్చింది.

మార్చి 7, శుక్రవారం

తాళాలాయన దగ్గరికి వెళ్ళాను. బస్టాండు గోడకి ఆనుకుని ఉన్న గది, గోడంతా తాళాలు వేలాడుతుంటాయి. పాత పరిచయమే, ఆయన రేడియో నేనే బాగుచేశాను. రిమోటుని ఒక చిన్న యంత్రం ముందు పెట్టి నొక్కాడు.

"బోర్డు బ్రహ్మాండంగా ఉందండి. ఎవరు చేశారు టంకం?"

"నేనే."

"అనుకున్నాను. మరి ఇంకేంటి మీ బాధ?"

"కారు వినడం లేదు."

ఆయన బటన్ మీది చిల్లు చూశాడు, నన్ను చూశాడు. "మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరు." మా ఇంట్లో ఎప్పుడూ లేరు.

"ఎవరో దీంతో ఆడుకున్నారండి. నొక్కిన ప్రతిసారీ ఇది కొత్త అంకె పంపిస్తుంది. కారు కూడా దానితోపాటే లెక్క వేసుకుంటూ ఉంటుంది. కారు దగ్గర లేకుండా వందలసార్లు నొక్కేస్తే ఇది ముందుకి వెళ్ళిపోతుంది, కారు వెనకే ఉండిపోతుంది. ఇంక ఒకదాన్నొకటి పోల్చుకోలేవు."

"చేతిసంచిలో దానంతటదే నొక్కుకుపోయి ఉంటుందా?"

"సంచిలో అయితే రెండు బటన్లూ అరగాలి కదండీ" అని తాళం నా చేతిలో పెట్టాడు. "కార్లో కూర్చుని, తాళం తిప్పి, లాక్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. మళ్ళీ కలుస్తాయి. కొన్ని కార్లకి నేను రావాలి, మీది పాతది కాబట్టి అక్కర్లేదు."

ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. దారిలో ఏమేం ఉన్నాయో నేను చూడలేదు.

మార్చి 7

చల్లగా ఉందని రాశాను, అది కాదు. దుకాణం మూసిన రోజు వాన పడుతోంది. ఆవిడ మలుపులో కారు ఆపి నొక్కుతూనే ఉంది. నేను వెనక తలుపులోంచి తడుస్తూ వచ్చేశాను.

మార్చి 8, శనివారం

పొద్దున్న కారు తలుపు తెరిచి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అటువైపు కూర్చోవడం ఇదే మొదలు. ఆవిడ పొట్టిది కాబట్టి సీటు బాగా ముందుకి ఉంది. నా మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. వెనక్కి జరుపుకుందామని కింద చెయ్యి పెట్టి, మానేశాను. అలాగే ముడుచుకుని కూర్చున్నాను. సీటు మీద ఆవిడ కుట్టిన మెత్త ఉంది. అద్దాలన్నీ ఆవిడ కళ్ళకి సరిపోయేటట్టు వంగి ఉన్నాయి, నాకు వాటిల్లో ఏమీ కనిపించలేదు, నా పొట్ట తప్ప.

తాళం తిప్పి, నొక్కి పట్టుకున్నాను. కాసేపటికి తలుపులన్నీ ఒక్కసారి టక్కుమన్నాయి. పోల్చుకుంది.

డాక్టరు రేపు వస్తాడు. రెండు తాళాలూ పని చేస్తున్నాయి. ఇక అడ్డేమీ లేదు.

కార్లోంచి దిగకుండానే ఆవిడకి ఫోన్ చేశాను.

"రిమోటు బాగైంది" అన్నాను.

"ఏం పోయింది?"

"బ్యాటరీ రేకు కింద టంకం చిట్లింది. లాక్ బటన్ స్విచ్ పోయింది. రబ్బరు కూడా చిల్లు పడింది. కొత్తదే వేశాను, నువ్వెళ్ళే ముందు."

"నాసిరకం వేసుంటారు" అంది.

"కారుకి దూరంగా వందలసార్లు నొక్కారన్నాడు తాళాలాయన."

"ఆయనకేం పనిలేదా?"

"నొక్కావా?"

"లాక్ వేశానో లేదో అని అనుమానం వచ్చేది."

"అక్కణ్ణుంచి ఇక్కడికి అందదు కదే."

"అందదని నాకు తెలీదా అండీ" అంది. తర్వాత గొంతు తగ్గించింది. పక్కగదిలో వదినగారు ఉండి ఉంటారు. "సాయంత్రమయ్యేసరికి చెయ్యి దానంతటదే వెళ్ళేది. మీరు దుకాణం మూసే వేళకి. అక్క చూస్తే నవ్వుతుందని మేడమీదికి వెళ్ళి నొక్కేదాన్ని. అదొక పిచ్చి."

అరచేత్తో స్టీరింగ్ మీది దుమ్ము తుడిచాను.

"ఆ రోజు వెనక తలుపులోంచి ఎందుకు వెళ్ళిపోయారు? నేను దిగి వచ్చి చూస్తే తాళం వేసుంది" అని అడిగింది. ఇన్ని నెలల్లో ఇవాళే అడిగింది.

నిజం చెప్పాను. "నీ పక్కన కూర్చుని ఇంటికొచ్చేస్తే, మర్నాటి నుంచి నువ్వు నాకోసం రానక్కర్లేదు కదా. ఆ ప్రయాణం చెయ్యలేకపోయాను. తర్వాత కూడా కారెక్కమని నువ్వు పిలిచినప్పుడల్లా అదే అనిపించేది. ఎక్కడికి వెళ్తాం, ఏం పనుందని."

"మీ దుకాణం మూతపడిందని ఊరంతా మిమ్మల్ని పలకరించారు" అంది ఆవిడ. "అందులో నేనూ పనిచేశానండీ. నన్నెవరూ పలకరించలేదు. మీరు కూడా."

ఇన్నేళ్ళు టీవీలు మోసింది, గుంతలు తప్పించింది, మలుపులో కూర్చుంది. నేను ఒక్కడినే దుకాణం పోగొట్టుకున్నాననుకుని, ఇంట్లో ఒంటరిగా దిగులు పడుతూ కూర్చున్నాను, ఆవిణ్ణి గుమ్మం బయట నిలబెట్టి. ఆపైన ఆవిడ కారు కూడా అమ్మేద్దామన్నాను.

"డాక్టరుకి వద్దని చెప్పెయ్యనా?" అన్నాను.

"మీ ఇష్టం."

"నా ఇష్టం కాదు. కారు నీది."

"అయితే చెప్పెయ్యండి."

"వదినగారి మోకాలు..."

"ఎప్పుడో తగ్గింది. నేను ఇక్కడ ఈత నేర్చుకుంటున్నాను."

"నీళ్ళంటే భయం కదా నీకు?"

"ఉండేది. మన ఊళ్ళో కూడా ఈత కొలను ఉందట, బస్సులో వెళ్ళాలంటే రెండు మారాలి. తడిజుట్టుతో నేను కారు నడపను, జలుబు చేస్తుంది." ఆగింది. నేను అడగాలని ఆగిందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. నాకన్నీ అంతే.

"నేను నేర్చుకోనా? డ్రైవింగ్?"

"నేర్చుకుంటానంటే వస్తాను" అంది. "ఇన్నేళ్ళు మీ కోసం నేను బయట కూర్చున్నాను. కొన్నాళ్ళు మీరు కూర్చోండి."

మార్చి 9, ఆదివారం

డాక్టరు వచ్చాడు. అమ్మడం లేదన్నాను. మరి ముందే చెప్పొచ్చు కదా అని విసుక్కున్నాడు. టీ ఇస్తే తాగలేదు. ఆయన విసుగు న్యాయమే.

మార్చి 11, మంగళవారం

వచ్చింది. బస్టాండులో సంచి అందుకున్నాను. చిక్కింది. నల్లబడింది కూడా, ఎండలో ఈత కదా. ఇంట్లోకి రాగానే బల్ల చూసి, "దీన్ని కిటికీ దగ్గరికి జరుపుదాం పట్టండి" అంది. జరిపాం. ఇద్దరికీ నడుం పట్టేసింది.

మార్చి 15, శనివారం

ఊరి చివర ఖాళీ మైదానంలో మొదటి పాఠం. కారు గంతులేసి ఆగిపోయింది. మళ్ళీ గంతులేసి ఆగిపోయింది. ఆవిడ డాష్‌బోర్డు పట్టుకుని, "క్లచ్చి మెల్లగా వదలండి, అది మీ టీవీ కాదు, కొట్టి లేపడానికి" అంది. నేను అలిగాను. ఇంటికి ఆవిడే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. దారిలో గతుకొస్తే వెనక్కి తిరిగాను, ఏమీ లేని సీటుని పట్టుకోవడానికి. ఆవిడ చూసి, తర్వాతి గతుకు దగ్గర కారు నెమ్మది చేసింది.

మార్చి 23

మైదానం చుట్టూ ఆగకుండా తిరిగాను. మెచ్చుకుంటుందేమోనని చూశాను. నిద్రపోయింది. అదే మెచ్చుకోవడం అనుకున్నాను.

ఏప్రిల్ 2

సందులో వెనక్కి తీస్తూ కింది ఇంటాయన పూలకుండీ పగలగొట్టాను.

మే 19, సోమవారం

లైసెన్సు వచ్చింది. ఫొటోలో దొంగలా ఉన్నాను.

మే 20, మంగళవారం

ఇది కార్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే స్టీరింగ్ మీద పెట్టి రాయడం వల్ల.

ఆవిణ్ణి కొలను దగ్గర దింపాను. దారిలో ఒక్కసారే కేక వేసింది. గేటు ఎదురుగా ఆపుకోనివ్వలేదు కాపలావాడు, మలుపు అవతల ఆపుకున్నాను. ఇక్కణ్ణుంచి గేటు సగమే కనిపిస్తోంది. వచ్చేవాళ్ళ ముఖాలు కనపడవు, చెప్పులు, తువ్వాళ్ళు కనిపిస్తాయి. అద్దం దించితే దుమ్ము, ఎత్తితే ఉక్క. రేడియో పెట్టుకున్నాను, నచ్చక కట్టేశాను. ముందుకి చూశాను, పక్కకి చూశాను, గోళ్ళు చూసుకున్నాను. ఇంతసేపట్లో నాకు ఎన్ని ఆలోచనలు వచ్చాయో రాస్తే పేజీలు చాలవు. ఇలాంటి సాయంత్రాలు ఆవిడకి ఎన్ని గడిచాయో, ఆ ఆలోచనలన్నీ ఎవరికి చెప్పుకుందో. ఇంటికెళ్ళాక అడగాలి. ఒక్కరోజులో చెప్పేది కాదు కాబట్టి రోజుకి కొంచెం అడగాలి.

అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ ఇంకా రాలేదు. జుట్టు ఆరబెట్టుకుంటోంది కాబోలు. నాకు తొందరేం లేదు.

అదిగో, తువ్వాలు భుజాన వేసుకుని వస్తోంది. ఎంతసేపైంది అని అడుగుతుంది. ఇప్పుడే వచ్చానని చెప్పాలి.